మూడు దెబ్బలు

"లైల్ గొంతు వినిపించు ఓర్విల్. నాకింకేం వద్దు."

వ్యాన్ తలుపు పట్టుకుని మార్వా అడిగింది. లైల్ ఆమె భర్త. ముప్పయ్యయిదేళ్ళ కిందట, ఇదే విస్కాన్సిన్ మైదానంలో, బ్లూ కల్వర్ట్ బ్యాండు వాయిస్తూ ఉండగా కూర్చున్నచోటే గుండె ఆగి పోయాడు. పక్కన అతని స్నేహితుడు ఓర్విల్ కచేరీని రికార్డు చేస్తున్నాడు.

ఆ తరువాత బ్యాండు పేరెత్తితే చాలు, మార్వా మండిపడేది. లైల్ రంగురంగుల చొక్కాలు, కేసెట్లు అన్నీ పెరట్లో పోసి తగలబెట్టింది. అతని గొంతు ఎక్కడా మిగుల్చుకోలేదు. ఇప్పుడు ఆమె చెవులు పోతున్నాయి. మహా అయితే క్రిస్మస్ దాకా వినిపిస్తుందని డాక్టరు తేల్చేశాడు.

ఓర్విల్ తల దించుకున్నాడు. "అందులో మాటలుండవు మార్వా. మైకు దగ్గర మేం నోరు విప్పం. నీకు తెలుసుగా."

తెలియకేం. బ్లూ కల్వర్ట్ అభిమానులది మామూలు పిచ్చి కాదు. బ్యాండు ఊరూరా తిరిగితే వీళ్ళూ వ్యాన్లేసుకుని వెంట తిరుగుతారు. ఏ పాటా రెండుసార్లు ఒకేలా వాయించరు గనక ప్రతి కచేరీనీ రికార్డు చేసుకుంటారు. కాపీలు ఊరికే పంచుతారు, అమ్మినవాణ్ణి వెలేస్తారు. మైకు పక్కన దగ్గినవాణ్ణి పాతికేళ్ళయినా తిడుతూనే ఉంటారు.

లైల్ పోయిన రోజు ఓర్విల్ చేసిన టేపునైతే నెత్తిన పెట్టుకుంటారు. పదకొండేళ్ళు పక్కన పెట్టిన 'ఉప్పు రైలు' పాటని బ్యాండు వాయించిన రోజది. మళ్ళీ ఎప్పుడూ వాయించలేదు. ఇరవై రెండు నిమిషాల పాటలో ఒక్క ఈల లేదు, ఒక్క దగ్గు లేదు. పదిహేడో నిమిషంలో వాద్యాలన్నీ సన్నగిల్లిపోయినప్పుడు డ్రమ్ము మీద పడ్డట్టు మెత్తగా మూడు దెబ్బలు వినిపిస్తాయి. వాటి మీద వ్యాసాలు రాశారు. డ్రమ్మరుని అడిగితే తనకు గుర్తే లేదన్నాడు. ఎంత వినయమో అని మురిసిపోయారు.

పక్కనే పెనం మీద చీజు పెట్టి బ్రెడ్డు కాలుస్తున్న మరో అభిమాని డాట్ మణికట్టు మీద కూడా ఆ దెబ్బల గుర్తుగా మూడు చుక్కల పచ్చబొట్టు ఉంది.

"వినిపించవయ్యా," అంది డాట్. "ఊరందరికీ పంచావు. నువ్వొక్కసారైనా విన్నది నేను చూళ్ళేదు, విచిత్రపు మనిషివి."

ఓర్విల్ ప్లేయరు ముందుకు లాక్కున్నాడు. టేపు పెట్టి, హెడ్‌ఫోన్లు మార్వా చెవులకు తగిలించాడు. ఆమె కళ్ళు మూసుకుంది. సంగీతం ఆమెకు అక్కర్లేదు. దాని వెనక ఒక గొణుగు, ఒక నవ్వు, కనీసం గొంతు సవరించుకున్న చప్పుడు కోసం వెతుకుతోంది.

ఒకచోట కళ్ళు తెరిచింది. "అందరూ చెప్పుకునే దెబ్బలు ఇవేనా?"

ఓర్విల్ తలూపాడు.

పాట అయిపోయింది. మార్వా హెడ్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఏడుపూ నవ్వూ కలిసిపోయాయి ఆమె ముఖంలో.

"పోనీలే. మాట దొరక్కపోయినా ఒక దిగులు తీరింది. పంటి నొప్పొస్తేనే ఇల్లెగిరిపోయేలా అరిచేవాడు లైల్. చివర్లో ఎంత బాధపడ్డాడో అని ఇన్నేళ్ళూ కుమిలిపోయాను. చిన్న మూలుగు కూడా లేదంటే, తెలియకుండానే పోయాడన్నమాట."

ఓర్విల్ కుడిచేతిని రెండు చేతులతో పట్టుకుని చెంపకు ఆనించుకుంది. ఆఖరి నిమిషందాకా లైల్ పక్కనే ఉన్నందుకు రుణపడి ఉంటానంది.

ఓర్విల్ చెయ్యి వెనక్కి తీసుకోలేకపోయాడు.

ఆ రోజు లైల్ మూలుగు టేపులో పడకుండా ఆ చెయ్యే అతని నోరు నొక్కిపట్టింది, విడిపించుకోలేక లైల్ కాలు మైకు స్టాండుని మూడుసార్లు తన్నింది.