మెత్తటి తోలు

కోటేష్ బల్లమీద పరిచిన కాగితంపై పిస్టల్ ఆకారం పెన్సిల్‌తో గీసి ఉంది.

“లైసెన్సు ఉన్నదే, హయాత్ భాయ్. దీనికి బెల్టూ, ఒరా కుట్టాలి. ఏ తోలైతే ప్రమాదమో ముందు అది చెప్పు.”

అద్దంకిలో ముప్పై ఏళ్లుగా తోలు పని చేస్తున్న హయాత్‌ని ఇలా అడిగినవాళ్లు లేరు. అందరికీ మెరుపే కావాలి. ఈ మిర్చి వ్యాపారికి బుద్ధుంది అనుకున్నాడు.

“పిస్టల్ కూడా తేవాల్సిందండీ.”

“ఇంట్లో ఉందిలే.”

హయాత్ తన దగ్గరున్న చెక్క పిస్టల్‌ని ఒక మెత్తటి తోలు ఒరలోకి దించాడు. ఒర మూతి లోపలికి మడతపడింది. ఆ మడత వేలులాగా ట్రిగ్గర్‌ని నొక్కింది.

“చూశారా? ఒరలోకి నెట్టగానే పేలుద్ది. తొడలో నరం తెగితే ఒంగోలు చేరేలోపే ప్రాణం పోద్ది. గట్టి తోలు తీసుకోండి, మూతి మడతపడదు.”

“ఇంకోసారి చూపించు.”

చూపించాడు. కోటేష్ వంగి మరీ చూశాడు.

“మెత్తదే కుట్టు.”

“ఇంతసేపూ నేను చెప్పిందేంటండీ!”

“విన్నాను భాయ్. మెత్తదే కుట్టు.”

హయాత్ విసుక్కుంటూ టేపు తీసుకుని నడుము కొలవబోయాడు. బక్కపలచటి కోటేష్ ఒక అడుగు వెనక్కి వేశాడు.

“నలభై నాలుగని రాసుకో. మా అన్నయ్యకి, పుట్టినరోజు కానుక.”