సున్నా పురుగులు

“టెంకాయ కొట్టకుండానే పని చెప్తే ఈ మిషను నీ మాట వింటాదా సారూ?” అని మేకల తిప్పమ్మ అడిగింది. కంప్యూటర్ ఇంజనీరు ఆనంద్ నవ్వి స్విచ్ వేశాడు.

గుమ్మఘట్ట దాటాక ఉన్న కానుగ అడవిలో ఆ రోజే పాతిన మిషను అది. భుజాల ఎత్తు స్తంభం, దాని మీద పెట్టె, పెట్టెకొక గాజుకన్ను. ఎదురుగా ఒక తెల్లగుడ్డ. చీకటి పడగానే గుడ్డ దగ్గర లైటు వెలుగుతుంది, పురుగులు వచ్చి వాలతాయి. ఏది ఆకు తినేదో, ఏది కాండం తొలిచేదో కంప్యూటరే గుర్తుపట్టి లెక్కపెడుతుంది. ఆ అడవిలో సిగ్నలు అంతంత మాత్రం కాబట్టి ఫొటోలు పంపదు. తెల్లారేసరికి అనంతపురంలో ఉన్న ఆనంద్ ఫోనుకు అంకె ఒక్కటే వస్తుంది.

“మనిషితో పనే లేదు అవ్వా. లెక్క రెండొందలు దాటితే అడవికి మందు కొట్టిస్తాం. నెల్రోజులు మేకలు లోపలికి రాకూడదు, అంతే.”

ఆయన అంతే అన్నది తిప్పమ్మకు ఇరవై రెండు మేకలు. ఆ ఎండల్లో అడవి బయట పచ్చగా కనిపించేది పంచాయతీ ఆఫీసు గేటుకు వేసిన రంగొక్కటే.

“నెల్రోజులు నా మేకలేం తినాల సారూ? నీ కంప్యూటరునా?”

మొదటి రాత్రి లెక్క నూటా అరవై మూడు. రెండో రాత్రి నూటా తొంభై ఒకటి. అడవి వాచర్ ఓబిలేష్ వచ్చి ఆ మాట చెప్పగానే తిప్పమ్మకు తప్పెక్కడ జరిగిందో తట్టింది. ట్రాక్టరు కొన్నా, బోరుకు మోటారు దించినా, ఆఖరికి మిక్సీ తెచ్చుకున్నా పూజ చేయకుండా ఎవరైనా ముట్టుకుంటారా? పాపం, ఆ మిషనును పట్టించుకునే దిక్కు లేక అలిగింది.

మూడో రోజు సాయంత్రం తలకు పోసుకుని, పళ్ళెం పట్టుకుని అడవికి పోయింది. టెంకాయ కొట్టింది. ఊదుబత్తి వెలిగించింది. సాంబ్రాణి పొగ వేసింది.

“మిషనమ్మా, నా మేకల నోట్లో మన్ను కొట్టొద్దు తల్లీ” అని మొక్కుకుంది.

తెల్లారి లెక్క సున్నా.

ఫోను పాడైందేమోనని ఆనంద్ ఇంకో ఫోనులో చూశాడు. అందులోనూ సున్నానే. మరుసటి రోజూ సున్నా. ఇక ఆగలేక ఓబిలేష్‌కు ఫోను కొట్టాడు.

“ఏం చేస్తున్నారయ్యా అక్కడ?”

“నేనేం చేయల్యా సార్. తిప్పమ్మవ్వ దినామూ పూజ చేస్తాండాది.”

“ఆకులకు చిల్లులు ఉన్నాయేమో చూడు.”

“జల్లెడ మాదిరి ఉండాయి సార్.”

ఆనంద్ ఇంకోసారి కంప్యూటర్ వైపు చూశాడు. “అవి పాత చిల్లులులే” అన్నాడు.

ఎనిమిదో రాత్రి వాన పడింది. మొహం చాటేసి ఏడాదైన వాన. ఊరు ఊరంతా వీధిలోకి వచ్చి తడిసింది. తెల్లారి లెక్క నూటా తొంభై ఏడు! వానొచ్చిందని ఏడ్చిన మనిషి అనంతపురం జిల్లా మొత్తమ్మీద తిప్పమ్మ ఒక్కతే అయ్యుంటుంది.

“వానకు నా పూజంతా కొట్టుకపోయినాది సారూ. ఈ పొద్దు మళ్ళా చేస్తా, సూడు” అని ఓబిలేష్ ఫోనులోంచి ఆనంద్‌కు చెప్పింది.

చేసింది. మళ్ళీ సున్నా.

వెతకబోయిన తీగ ఆనంద్ కాలికి తగిలింది. సాంబ్రాణి! ఆ పొగకు పురుగులు పారిపోతున్నాయి. వానకు వాసన పోయింది, పురుగులు తిరిగొచ్చాయి. ఇంకేముంది, ముప్పై పేజీల రిపోర్టు రాసి పారేశాడు. అందులో తిప్పమ్మ పేరు ఒకే ఒక్కచోట ఉంది, అదీ తిమ్మమ్మ అని.

తిప్పమ్మను జీపెక్కించి, వేరే అడవుల్లో పాతిన మిగతా పన్నెండు మిషన్ల దగ్గరికీ తిప్పారు. ముందు సీట్లో కూర్చుని, ఒళ్ళో పళ్ళెం దించకుండా తిరిగొచ్చింది. పూజ దగ్గరికి చెప్పులతో రావొద్దని ఓబిలేష్‌ను జీపు దగ్గరే ఆపేసేది. పన్నెండు అడవుల్లోనూ ఆ రాత్రికి రాత్రే పురుగు అన్నది లేకుండా పోయింది.

ఈ వింత చూడ్డానికి పెద్దాఫీసరు అరుణజ్యోతి మేడం స్వయంగా వచ్చింది. కొత్తగా పాతిన పద్నాలుగో మిషను ముందు కుర్చీలు వేశారు. మేడం చేతిలో ఒక కాగితం ఉంది. ఇక మీదట ఈ అడవుల్లో మందు కొట్టరు, మేకల్ని ఆపరు అని రాసుంది. సంతకం ఒక్కటే తక్కువ.

తిప్పమ్మ చూపంతా ఆ కాగితం మీదే. టెంకాయ కొట్టింది. ఊదుబత్తి తిప్పింది. సాంబ్రాణి వేసింది. పొగకు మేడం దగ్గింది. ఆ దగ్గును కూడా ఆనంద్ గర్వంగా రాసుకున్నాడు.

“అంతేనా అవ్వా?” అంటూ మేడం పెన్ను మూత తీసింది.

“అయ్యో, అసలైంది మర్చిపోతాంటి, ఇది పెట్టకుంటే పూజ పూజే కాదు మేడం” అంటూ తిప్పమ్మ బొటనవేలి నిండా తడి కుంకుమ తీసుకుని, నుదురంటూ లేని ఆ మిషనుకు, ఉన్న ఒక్క గాజుకన్నూ కనపడకుండా పోయేంత బొట్టు పెట్టింది.