217వ నంబరు

"పద్నాలుగేళ్లుగా ఇదే పని చేస్తున్నావు. నీ చేతి మీదుగా ఇలాంటిది జరిగిందంటే నమ్మలేకపోతున్నాను," అన్నాడు డైరెక్టర్ ప్రూయిట్, ప్రింటరు చిట్టా ఎల్డన్ ముందుకు తోస్తూ.

ఎల్డన్ ఆ చిట్టా చేతిలోకి తీసుకున్నాడు. న్యూజెర్సీలోని ఆ కాలేజీ కంప్యూటర్లో ఏ ఫైలు ఎవరికి తెరుచుకోవాలో చూసేది అతనే. ఎవరి తాళమైనా తీయగల రూట్ పాస్‌వర్డ్ అతని ఒక్కడి దగ్గరే ఉంటుంది.

లెక్కల లెక్చరర్ హాస్కెల్ ఫిబ్రవరిలో చనిపోయాడు. మెషీన్లోంచి అతని పేరు తీసేశారు. ఫైళ్లు మాత్రం 217 అనే అతని నంబరు కింద, తాళం వేసినవి వేసినట్టే ఉండిపోయాయి. లోపల కాపలా కాసే కెర్నెల్‌కి పేర్లతో పని లేదు, నంబరే చూస్తుంది. ఆ నంబరు ఎవరికిస్తే ఫైళ్లు వాళ్లవైపోతాయి. అందుకే పోయినవాళ్ల నంబరు మళ్లీ ఎవరికీ ఇవ్వరు.

సాయంత్రం క్లాసులో కొత్తగా చేరిన వెర్నా డన్లాప్ అనే ఆవిడకి ఎల్డన్ అదే ఇచ్చాడు. ఆవిడ మొదటిరోజే హాస్కెల్ సొంత ఉత్తరాలు నలభై పేజీలు ప్రింటు తీసుకుని చక్కా పోయింది. చిట్టాలో పేరు పడింది.

"కొత్త నంబరు మెషీనే ఇస్తుంది కదా. నువ్వెందుకు చేత్తో కొట్టావు?"

"తొందరలో పొరపాటైంది."

"బాగుంది. పొరపాట్లు చేయడానికి నాకు వేరే జనం ఉన్నారు, నువ్వు కాదు."

ప్రూయిట్ అసలు బాధ వేరు. మార్చిలో హాస్కెల్ భార్య వచ్చి ఆ ఫైళ్లు చూపించమని బతిమాలింది. పోయిన మనిషి తాళం వేసుకున్నది ఎవరికీ తెరవకూడదని కాలేజీ రూలు. కుదరదన్నది ప్రూయిట్. ఆ మాట ఆవిడకి చెప్పింది ఎల్డన్. చెప్పి, కారు దాకా ఆవిడతో నడిచి, చాలాసేపటికి తిరిగొచ్చాడు.

"కట్టుకున్న మనిషిని ఉత్త చేతులతో పంపి, దారినపోయే మనిషికి ఇచ్చాం. రేపు మిసెస్ హాస్కెల్ ఎదురుపడితే నేను ఏ మొహం పెట్టుకోవాలి?"

ఎల్డన్ తన ఉద్యోగం తీసేయమన్నాడు. ఇంకొకటి కూడా ఒప్పుకున్నాడు. మార్చిలో మిసెస్ హాస్కెల్ వచ్చిన రోజే తను రూట్‌గా లోపలికి వెళ్లి, హాస్కెల్ ఉత్తరంలో మొదటి వాక్యం చదివాడు. ఒక్క వాక్యమే. పరాయి ఇంట్లో బీరువా తెరిచినట్టనిపించి వెంటనే మూసేశాడు. ఆ సిగ్గు ఇంకా వదల్లేదు.

ప్రూయిట్ చల్లారిపోయిన కాఫీ తాగేశాడు. తనిఖీ సరిగా లేకపోవడం తన తప్పేనని పైకి రాస్తానన్నాడు. ఎల్డన్ ఉద్యోగం ఉంటుంది, రూట్ మాత్రం పోతుంది.

దానికన్నా తిట్టినా బాగుండేది. ఎల్డన్ పాస్‌వర్డ్ ఉన్న కవరు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇంతకీ ఏముంది ఆ వాక్యంలో?" అడిగాడు ప్రూయిట్.

"గుర్తులేదు."

అంత మంచి మనిషితో ఇది రెండో అబద్ధం. తలుపు దగ్గరగా వేసి బయటికి నడుస్తుంటే ఆ వాక్యం అక్షరం పొల్లుపోకుండా కళ్ల ముందు కదిలింది:

"పెళ్లినాడు డన్లాప్ అనే ఇంటిపేరు వదిలేసి నాతో వచ్చేసిన నా వెర్నాకి."