కంటి పథ్యం

"ముందా గుడ్డు తీసెయ్!"

పిచ్చమ్మ కేకకు కోడలు సరోజినీదేవి పళ్లెంలోని గుడ్డు తీసి పక్కన పెట్టింది.

పత్తికట్టె పీకుతుంటే పుల్ల విరిగి సీతారామారావు కుడికంట్లో గుచ్చుకుంది. బెజవాడలో కుట్లు వేసి, చుక్కల మందిచ్చి, కట్టు కట్టి పంపారు. తిరువూరులో బస్సు దిగిన పూట నుంచే తల్లి పిచ్చమ్మ పథ్యం మొదలుపెట్టింది. పాలు లేవు, పప్పు లేదు. పూటకింత అన్నం, కాస్త కారప్పొడి.

"చీము పడితే నా కొడుక్కి కన్నెవరిస్తారు?"

గుడ్డు తెచ్చింది కరీంబీ. పక్కింటి లాల్‌బీకి పెద్దమ్మ, చుట్టపుచూపుగా వచ్చింది. ఇంకా గుమ్మంలోనే నిలబడి ఉంది.

"పుండు మానాలంటే ఒంట్లో సత్తువుండాలి కదమ్మా. పాలివ్వండి, పప్పులో మునగాకు వెయ్యండి."

"నువ్వేమన్నా డాక్టరువా?"

"కాదమ్మా."

"అయితే నీ పని చూసుకో."

మర్నాడు కరీంబీ మళ్లీ వచ్చింది. పిచ్చమ్మ ఆమె మొహం మీదే తలుపేసింది.

ఆ సాయంత్రం సీతారామారావు మంచం మీంచి లేవబోయి కళ్లు తిరిగి కూలబడ్డాడు. సరోజినీదేవికి పై ప్రాణాలు పైనే పోయాయి. నీళ్లు తాగించి, అతన్ని పడుకోబెట్టి, దొడ్డిగోడ దగ్గరికి పరిగెత్తి కరీంబీని పిలిచింది.

"ఏం పెట్టాలో మళ్లీ చెప్పండి పిన్నిగారూ."

కరీంబీ ఓపిగ్గా చెప్పింది. గుడ్డు, పాలు, మునగాకు, బొప్పాయి.

"కంట్లో చుక్కల మందు మాత్రం ఒక్కపూట కూడా మానొద్దమ్మా."

ఆ రోజు నుంచి అత్తగారు పొలం వెళ్లగానే సరోజినీదేవి పొయ్యి వెలిగించేది. భర్త మారుమాట లేకుండా తినేవాడు.

మూడు వారాలకు ముగ్గురూ బెజవాడ వెళ్లారు. డాక్టరు కట్టు విప్పి, ఎడమకన్ను మూసి, వేళ్లు చూపించాడు.

"ఎన్ని?"

"మూడండి."

పిచ్చమ్మ అక్కడే బావురుమంది.

"గాయం బాగా మానింది. మనిషి కూడా తేరుకున్నాడు. ఏం పెట్టారు?"

"కారప్పొడి మెతుకులేనండి," అంది పిచ్చమ్మ.

సరోజినీదేవి తలొంచుకుని ఉన్నమాట చెప్పేసింది.

డాక్టరు నవ్వాడు. "మంచిపని చేశావమ్మా. మందుతోపాటు తిండీ ఉండాలి. చెప్పినావిడ ఎవరో నర్సయి ఉంటుంది."

తిరుగు బస్సు ఎ.కొండూరు దాటాక పిచ్చమ్మ నెమ్మదిగా అంది.

"ఆవిణ్ణి లోపలికి రమ్మనైనా అనలేదే, సరోజినీ."

తిరువూరులో దిగి, డజను అరటిపళ్లు కొని, నేరుగా లాల్‌బీ ఇంటికి నడిచింది.

"నర్సమ్మగారేరీ?"

"పెద్దమ్మా? పొద్దున బస్సుకే ఊరెళ్లిపోయిందండి. అయినా ఆవిడ నర్సని ఎవరు చెప్పారు?" అంది లాల్‌బీ. ఆపైన గొంతు తగ్గించింది.

"మా అన్నయ్య కంటికి ఎద్దుకొమ్ము తగిలినప్పుడు, డాక్టరు పెట్టమన్నవన్నీ మానిపించి, నెల్లాళ్లు కారం మెతుకులే తినిపించి, ఆ కన్ను దక్కించుకోలేకపోయిన తల్లండీ ఆవిడ."