మన కొంగ

ఒక చెరువుకు రోజూ పొద్దున్నే రెండు కొంగలు వచ్చేవి. ఒకటి తెల్లది, ఒకటి బూడిదరంగుది. వాటిని చూసి చేపలు కూడా రెండు పక్షాలుగా చీలిపోయాయి. ఏ కొంగ ముందు పది చేపల్ని పడితే ఆ పక్షం గెలిచినట్టు. ఆట లేనప్పుడు ఏ గట్టు పాచి రుచిగా ఉంటుందో, ఏ కొంగ చేతిలో చెరువు బాగుపడుతుందో వాదించుకునేవి.

ఒకరోజు పరిగెమ్మ అనే చిన్న చేప కొడుకు ఆడుకుంటూ తెల్లకొంగ కాళ్ల దగ్గరికి పోయాడు. తల్లి హడలిపోయింది.

"జెల్లన్నా, అందరం కలిసి తోకలతో బురద రేపుదాం. కొంగలకు మనం కనబడం" అని తనలాగే తెల్లకొంగ పక్షాన ఉన్న జెల్లచేపను బతిమాలింది.

"బురద రేపితే మాకు ఆటెలా కనబడుతుందమ్మా? చెరి తొమ్మిది మీదుంటే ఇప్పుడా నీ గోల?" అని జెల్ల విసుక్కున్నాడు.

పరిగెమ్మ ఒక్కతే వెళ్లి కొంగ కాళ్ల చుట్టూ బురద లేపింది. నీళ్లలో దిగిన ముక్కు ఖాళీగా పైకి లేచింది. ఆలోగా అవతల బూడిదకొంగ పదో చేపను పట్టేసింది.

తెల్లకొంగ పక్షమంతా పరిగెమ్మను చుట్టుముట్టింది.

"ద్రోహీ! ఒక్క పిల్లతో గెలిచేవాళ్లం కదే!" అన్నాడు జెల్ల.

"ఆ ఒక్కడూ నా కొడుకన్నా. అయినా అక్కడ పోయింది మీ తమ్ముడు, చూశావా?"

జెల్ల బూడిదకొంగ వైపు తిరిగాడు.

"చూశానమ్మా. తలెత్తుకోలేకపోతున్నా. మనవాడై ఉండి వాళ్ల కొంగకు దొరికాడు."