చెయ్యి ఊపితే వెలిగే లైటు

మా ఆఫీసులో లైటు ఒక రకం. గదిలో మనిషి కదలకపోతే దానంతటదే ఆరిపోతుంది. కిటికీ పక్క బల్ల దగ్గర నేను రాయిలా కూర్చుని పనిచేసేదాన్ని కాబట్టి, పొద్దు పోయాక అందరూ వెళ్లిపోతే రోజూ ఆరేది. కంప్యూటర్ తెరమీంచి చూపు తిప్పకుండానే చెయ్యెత్తి ఊపేదాన్ని. వెలిగేది.

ప్రమోషన్ వచ్చిన రోజు మొదటి ఫోను నేను ప్రేమించిన బక్కోడికే చేశాను. అది వచ్చేదాకా నాకు ఫోన్ చెయ్యొద్దని వాడికి ఆంక్ష పెట్టింది నేనే.

"ఇంక నీ ఇష్టంరా. సినిమా అంటే సినిమా, సముద్రం అంటే సముద్రం," అన్నాను.

వాడన్నాడు:

"నాకు పెళ్లి కుదిరింది. నీకోసం మీ ఆఫీసు ఎదురుగా ఎన్నో సాయంత్రాలు నిలబడ్డాను. పైన లైటు ఆరేది. హమ్మయ్య, దిగొస్తున్నావనుకునేవాణ్ని. అంతలోనే మళ్లీ వెలిగేది. వెళ్లిపొమ్మని చెయ్యి ఊపేదానివి. తల కూడా తిప్పేదానివి కాదు."

ఇప్పుడు నాకు విడిగా పెద్ద గది ఇచ్చారు. అందులోనూ అదే లైటు. ఆరినప్పుడు నేను చెయ్యెత్తను. చీకట్లో ఊపిరి బిగబట్టి, కదలకుండా కూర్చుంటాను.

కింద ఎవరైనా ఉంటే, నేను వస్తున్నాననుకుంటారని.