గుడివాడకి ఒక టికెట్

ఆ కాలానికి మతిమరుపు మనిషి ఉన్న ప్రతి ఇంట్లోనూ 'తోడు' అనే యాప్ ఉండేది. చూసుకునేవాళ్ల చెవిలో మెల్లగా సలహా చెప్పేది.

సాయంత్రమయ్యేసరికి ఏసుపాదం ఖాకీ చొక్కా తొడుక్కుని గుమ్మం దగ్గరికొచ్చాడు. ఒకప్పుడు బస్సు కండక్టరు.

"డ్యూటీకి టైమైందమ్మా, తలుపు తియ్యండి" అన్నాడు భార్యతో.

వారం నుంచి సరిగ్గా నిద్రలేని సువార్తమ్మకు ఏడుపొచ్చింది.

"ఆపొద్దమ్మా, టికెట్ అడగండి" అంది చెవిలో తోడు.

"గుడివాడకి ఒకటివ్వండి" అంటూ ఆమె సోఫాలో కూలబడింది.

ఆయన పాత పేపరు ముక్క చింపి చేతికిచ్చి, ఆమె ముఖంలోకి చూశాడు. "బాగా అలిసిపోయినట్టున్నారు. నిద్రపోండి, స్టాపొస్తే నేను లేపుతాగా."

దేవుడికీ తోడుకీ కలిపి ఒక స్తోత్రం చెప్పుకుని సువార్తమ్మ కళ్లు మూసుకుంది.

మెలకువొచ్చేసరికి వీధి దీపాలు వెలిగాయి. ఆయన పక్కనే కూర్చుని కాపలా కాస్తున్నాడు.

"గుడివాడ ఇంకా రాలేదమ్మా, పడుకోండి."